పరీక్ష పాసైన తెలుగుతో కడపకు

జర్మన్ బి1 పాసై, సర్టిఫికెట్ ఫోటో స్టేటస్‌లో పెట్టిన సీనియర్లు మనకు చాలామందే తెలుసు. అక్కడికి పోయిన మొదటి వారంలోనే వాళ్లు ఫోన్ చేసి చెప్పే మాట కూడా తెలుసు. పరీక్షలో వినిపించిన జర్మన్ వేరు, బస్ స్టాపులో వినిపించే జర్మన్ వేరు అని. ఇదే కష్టం 200 ఏళ్ల కిందట మన సీమలోనే ఒకాయన పడ్డాడు. కాకపోతే తలకిందులుగా. ఆయనకు ఉద్యోగం దొరికిన పరాయి దేశం మనది, సరిగా రాని భాష తెలుగు. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మనకు బ్రౌన్ దొర.

స్కూలు పుస్తకంలో ఆయన్ని నిఘంటువు రాసిన మహానుభావుడిగా చదివి వదిలేస్తాం. ఉద్యోగం కోసం ఊరుకాని ఊరు వచ్చిన కుర్రోడిగా ఎవరూ చూపించరు. నాకు ఆ కుర్రోడి మీదే ఆసక్తి.

పుట్టింది 1798 నవంబరు 10న, కలకత్తాలో. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, భాషలంటే ప్రాణం పెట్టేవాడు. పిల్లాడికి చిన్నప్పుడే హీబ్రూ, అరబ్బీ, పారశీకం, హిందుస్తానీ నేర్పించాడు. ఆ లిస్టులో తెలుగు లేదు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండుకు వెళ్లిపోయింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో చదివాడు. ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులను తయారుచేసుకునే కాలేజీ అది. కరెక్టుగా చెప్పాలంటే క్యాంపస్ ప్లేస్‌మెంటే. 1817 ఆగస్టులో మద్రాసులో దిగాడు.

అప్పటికి కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. కొత్తగా వచ్చిన దొరలు మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో దేశభాషలు నేర్చుకుని పరీక్ష రాయాలి. 1812లో ఎల్లిస్ అనే అధికారి చొరవతో పుట్టిన కాలేజీ అది. బ్రౌన్‌కు అక్కడ తెలుగు అక్షరాలు దిద్దించింది వెలగపూడి కోదండరామ పంతులు. 1820లో పరీక్ష గట్టెక్కింది. ఆ ఏడాదే గవర్నరుగా వచ్చిన థామస్ మన్రో, కొత్త ఉద్యోగులకు జనం భాష రావాల్సిందేనని పట్టుబట్టే మనిషి. ఇదే దత్తమండలంలో ఏడేళ్లు కలెక్టరుగా ఊరూరూ తిరిగినవాడాయె, దుబాసీ చేతిలో పడితే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఆగస్టులో బ్రౌన్‌కు పోస్టింగ్ వచ్చింది. కడపలో కలెక్టర్ హన్‌బరీ కింద అసిస్టెంటు. (అప్పట్లో కోయిలకుంట్ల తాలూకా కూడా కడప జిల్లాలోదే. కర్నూలు జిల్లాలో కలిసింది 1858లో.) హన్‌బరీకి తెలుగు ధారాళంగా వచ్చేది. బ్రౌన్‌కు పాస్ మార్కుల తెలుగు వచ్చు, అంతే.

ఆ తెలుగు ఎట్లాంటిదో ఊహించుకోండి. అప్పటికి ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు ఉన్నాయి. కేరీది 1814లో, క్యాంబెల్‌ది 1816లో వచ్చాయి. పండితుల దగ్గర నేర్చుకుంటే వచ్చేది గ్రంథాల తెలుగు. పుస్తకం వచ్చుచున్నాడు అంటుంది, మన పక్క జనం వస్తాండాడు అంటారు. కడప కచేరీకి వచ్చే రైతు గ్రాంథికంలో మొరపెట్టుకోడు కదా. పైగా కచేరీలో నడిచేది ఒక్క తెలుగు కాదు. లెక్కలు రాసే గుమాస్తాల్లో మరాఠీ వాళ్లు ఉండేవాళ్లు, అర్జీల నిండా పారశీకం, హిందుస్తానీ మాటలు. జమాబందీ, ఖజానా, తహశీల్దారు, ఫిర్యాదు... రైతు అన్న మాట కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. తండ్రి నేర్పిన భాషలు ఇక్కడ అక్కరకొచ్చాయి. కచేరీ తెలుగులో సగం ఆయనకు పాత చుట్టమే, మిగతా సగమే కొత్త.

ఇక్కడొక సంగతి దాచకూడదు. భాష రాకపోతే బ్రౌన్‌కు జీతం ఆగదు. నష్టపోయేది ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడిన రైతు. అదే కడప జిల్లా నుంచి ఈరోజు కువైట్ పోయేవాళ్ల సంగతి చూడండి. అరబీ రాకపోతే అర్థంకాని కాగితం మీద వేలిముద్ర వేసేది వాళ్లే, జీతం ఎగ్గొట్టినా ఎవరికి చెప్పుకోవాలో తెలియనిది వాళ్లకే. ఇద్దరిదీ పరాయి భాషలో ఉద్యోగమే, కానీ కుర్చీ ఎవరిదన్నదాన్ని బట్టి కష్టం ఎవరి మీద పడాలో తేలిపోతుంది. దొరగా బతకడానికి బ్రౌన్‌కు తెలుగు అంతగా అవసరం లేదు. దుబాసీలతో సర్వీసంతా లాగించేసిన దొరలు ఎందరో ఉన్నారు. ఆయన లాగించలేదు, అందుకే ఈ వ్యాసం.

1821లో కడపలో సొంత ఖర్చుతో ఉచిత బడులు పెట్టాడు. 1822లో మచిలీపట్నం బదిలీ అయింది. 1824లో ఫ్రెంచి పాదరీ దుబాయ్ రాసిన పుస్తకం చదువుతుంటే వేమన పేరు కంటపడింది. అక్కడ దారి దొరికింది. కావ్యాలు కొరుకుడు పడని మనిషికి, నాలుగు పాదాల్లో మామూలు మాటలతో తేలిపోయే పద్యాలు చిక్కాయి. తాటాకు ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, ఏరి, ఇంగ్లీషు చేసి 1829లో అచ్చు వేయించాడు. ఇక్కడి పండితులు చాలామంది వేమనను కవిగా లెక్కలోకే తీసుకోని రోజులవి. భాష నేర్చుకునేవాడికి కావలసిందేమిటో బయటివాడికి బాగా కనిపించింది. సబ్‌టైటిల్స్‌తో సినిమాలు చూసి కొరియన్ నేర్చుకునే మన ఫ్రెండ్స్‌కు ఈ కిటుకు తెలుసు.

1826లో మళ్లీ కడప వచ్చాడు. ఈసారి తోటతో సహా ఒక బంగళా కొని, అందులో పండితులను, రాయసగాళ్లను పెట్టి జీతాలిచ్చాడు. ఆ పనంతా చూసుకున్నది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. ఒకే కావ్యానికి పది ప్రతులు తేవడం, తేడాలు గుర్తించడం, తప్పులు దిద్దడం, కాగితం మీద శుద్ధప్రతి రాయించడం. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. జీతం చాలక అప్పులు కూడా చేశాడు. తెలుగును ఒంటిచేత్తో నిలబెట్టాడని మనం సభల్లో అంటుంటాం గానీ, ఆ చేతి వెనక ఇన్ని చేతులున్నాయి. మనుచరిత్రకు వ్యాఖ్య రాసింది జూలూరి అప్పయ్య, బ్రౌన్ దాన్ని 1851లో అచ్చు వేయించాడు. తనకు రానిదాన్ని వచ్చినవాళ్లను అడగడానికి ఆయన సిగ్గుపడలేదు, వాళ్లకు జీతం ఎగ్గొట్టనూ లేదు.

నందన కరువు నాటికి, అంటే 1833 ప్రాంతంలో, ఆయన మచిలీపట్నంలో జడ్జి. గుంటూరు సీమలో జనం గుంపులు గుంపులుగా చచ్చిపోతున్నారు. కొరత అనే మెత్తని మాటతో సరిపెట్టకుండా కరువును కరువనే రాసినందుకు పైవాళ్ల కోపానికి గురయ్యాడు. 1834లో ఉద్యోగం పోయింది, లండన్ వెళ్లాడు. అక్కడా ఖాళీగా కూర్చోలేదు. ఇండియా హౌస్ లైబ్రరీలో దిక్కులేకుండా పడివున్న 2000కు పైగా దక్షిణాది రాతప్రతులను వెలికితీసి మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. 1838లో తిరిగొచ్చినప్పుడు దొరికింది పారశీక అనువాదకుడి ఉద్యోగం. మళ్లీ తండ్రి నేర్పిన భాషే తిండి పెట్టిందన్నమాట.

1846లో కోయిలకుంట్ల ఖజానా మీద ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పడ్డప్పుడు, బ్రౌన్ మద్రాసులో నిఘంటువు పనిలో ఉన్నాడు. 11 రూపాయల చిల్లర భరణం దగ్గర రాజుకున్న గొడవ అది. అక్కడ లోటు భాషది కాదు, తహశీల్దారుకూ రెడ్డికీ ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమైంది. భాష తెలిస్తే అన్నీ చక్కబడతాయని అనుకోకుండా ఉండటానికే ఇది గుర్తుచేస్తున్నా.

బ్రౌన్ పుస్తకాల్లో నాకు బాగా నచ్చింది 1854లో వచ్చిన మిశ్రభాషా నిఘంటువు. పెద్ద నిఘంటువు పేరు అందరికీ తెలుసు, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. తెలుగులో కలిసిపోయిన పరభాషా మాటలన్నీ, కచేరీ మాటలతో సహా, ఇందులో ఉంటాయి. పండితులు కల్తీ అని పక్కనపెట్టిన మాటలివి. 1820లో కడప కచేరీలో బిక్కమొహం వేసుకున్న కుర్రోడికి ఏ పుస్తకం కావాల్సి ఉండెనో, 34 ఏళ్ల తర్వాత ఆ పుస్తకం తానే రాశాడని నాకనిపిస్తుంది. తెలుగు నేర్చుకునే దొరల కోసం సంభాషణల పుస్తకం వేశాడు. తాతాచార్యులు చెప్పిన కథలను దాదాపు చెప్పినట్టే అచ్చు వేయించాడు. ఆయన లెక్కలో నోటి తెలుగు కూడా తెలుగే.

1855లో ఉద్యోగం మానేసి లండన్ చేరాడు. 1865లో యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు. 1884 డిసెంబరు 12న అక్కడే చనిపోయాడు. పెళ్లి చేసుకోలేదు.

కడపలో ఆయన బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలితే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి చందాలు పోగుచేసి, అదే స్థలంలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం కట్టించారు. కోయిలకుంట్ల నుంచి అయితే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోవచ్చు. సెమిస్టర్ సెలవుల్లో ఒక పూట చాలు.