పావులూరి మల్లన

మన ఏలూరునకు చేరువనున్న పెదవేగి యొకప్పుడు వేంగీ చాళుక్యుల రాజధాని. ఆ వేంగీదేశమున, నన్నయభట్టు వెలసిన 11వ శతాబ్దముననే, మల్లన గణితమును తెనుగు చేసెను. క్రీ.శ. 850 ప్రాంతమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము దానికి మూలము. అందలి జైనుల యుదాహరణములను విడిచి శైవుల కనువగు వానిని జేర్చెను గావున, దీనిని వట్టి యనువాదమనుట మాకు సమ్మతము గాదు.

మూలమున సంఖ్యాహారములు గలవు. 27994681ని 441చే గుణింపగా 12345654321 వచ్చును! ఒకటినుండి యాఱువఱకెక్కి మరల నొకటికి దిగును. ఎట్లు? 441, 21కి వర్గము. 27994681, 5291కి వర్గము. 21ని 5291చే గుణించిన 111111. దీనిని దీనిచేతనే పలకపై గుణించిన, వరుసలు మెట్లవలె జరుగుచు, నడిమి నిలువున నాఱొకట్లు గూడును.

ఇట్టి విద్య మల్లన పద్యములవలన సంస్కృతమెఱుగని వారికిని దక్కెను. జనులు ఆ గ్రంథమును అతని యింటిపేరితో పావులూరి గణితమనియే పిలిచిరి.