భాషకొక బల్ల వేసిన విలియం కేరీ

ఆదివారం ఆరాధనలో బైబిలు తెరిచి మన తల్లిభాషలో వాక్యం చదువుకుంటాం. అది మనకు ఎంత అలవాటైపోయిందంటే, దాని వెనుక ఎవరి చెమట ఉందో ఆలోచించం. 1800 నాటికి అచ్చులో తెలుగు సువార్త ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చడానికి పూనుకున్న తొలివారిలో ఒకరు ఇంగ్లండులో చెప్పులు కుట్టుకుని బతికిన ఒక సామాన్యుడు. ఆయనే విలియం కేరీ.

కేరీ 1761లో నార్తాంప్టన్‌షైర్‌లో ఒక నేతపనివాని ఇంట పుట్టాడు. చెప్పులు కుడుతూనే లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకున్నాడు. బాప్టిస్టు సంఘ కాపరి అయ్యాడు. 1793లో భార్య డరోతీతో, నలుగురు పిల్లలతో బెంగాల్ చేరాడు. మరుసటి ఏడాదే చిన్నారి పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. ఆ దుఃఖంలో డరోతీ మతి చెదిరింది. 1807లో కన్నుమూసే వరకు ఆమె కోలుకోలేదు. ఆయన పరిచర్యకు ఆ ఇల్లు చెల్లించిన వెల అది. గొప్పవారి జీవితాలు చదివేటప్పుడు మనం ఆ పేజీని దాటేయకూడదు.

1800లో కేరీ కలకత్తాకు దగ్గర్లోని శ్రీరాంపూర్ చేరాడు. అప్పుడది డేనిష్ వారి ఏలుబడిలో ఉంది. అచ్చుపని తెలిసిన విలియం వార్డ్, బడిపంతులు జాషువా మార్ష్‌మన్ ఆయనకు తోడయ్యారు. ముగ్గురి కుటుంబాలూ ఒకే కప్పు కింద ఉండి, ఒకే బల్ల దగ్గర తిన్నాయి. ఎవరు సంపాదించినా అందరి సొమ్మే. కేరీ ఫోర్ట్ విలియం కళాశాలలో బోధించి తెచ్చిన జీతం, మార్ష్‌మన్ దంపతులు బడి నడిపి తెచ్చిన ఆదాయం, తిండి ఖర్చులు పోగా అంతా పరిచర్యకే. అపొస్తలుల కాలంలో విశ్వాసులు బతికిన తీరు మనకు గుర్తుకు రాక మానదు.

1801లో బెంగాలీ కొత్త నిబంధన వెలువడింది. అక్కడితో ఆగి ఉంటే ఆయనను ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ కేరీ కన్ను మిగతా భాషల మీద పడింది. ఒక మనిషి ఇన్ని భాషలు చేయలేడని ఆయనకు తెలుసు. అందుకే ప్రతి భాషకూ ఆ భాషలో పుట్టిపెరిగిన పండితుణ్ణి వెతికి, జీతమిచ్చి కూర్చోబెట్టాడు. అసామీకి ఆత్మారామ్ శర్మ అలా వచ్చినవాడే. చైనా భాషకు మకావులో పుట్టిన ఆర్మేనియన్ జోనెస్ లాసర్ దొరికాడు. ఆయనతో కలిసి ఆ భారం మార్ష్‌మన్ మోశాడు. పండితులు సంస్కృతం లాంటి తమకు తెలిసిన భాషలోని అనువాదాన్ని ముందు పెట్టుకుని తమ భాషలో రాసేవారు. కేరీ దాన్ని మూలభాషలతో సరిచూసేవాడు. లిపికి అచ్చు అక్షరాలు లేకపోతే పంచానన్ కర్మకార్, ఆయన తర్వాత అల్లుడు మనోహర్ చెక్కి పోతపోసేవారు. ఆ ముద్రణాలయంలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసి పనిచేశారు. అక్షరాల పెట్టెల్లో మన తెలుగు కూడా ఉండేది.

1812 మార్చి 11 సాయంత్రం ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతైంది. కట్టలకొద్దీ కాగితం, 14 భాషల అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి రాసిన ప్రతులు బూడిదయ్యాయి. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం కూడా అందులో పోయింది. అయినా ముద్రణ యంత్రాలు, అక్షరాలు పోసే మూసలు మిగిలాయి. కరిగిన లోహాన్ని బూడిదలోంచి ఏరి మళ్లీ పోతపోశారు. పండితులు మళ్లీ కలం పట్టారు. వార్త అందిన రెండు నెలల్లోపే ఇంగ్లండు విశ్వాసులు నష్టాన్ని పూడ్చేంత సొమ్ము పోగుచేశారు. తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది. తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. శ్రీరాంపూర్ అనువాదాలు చాలా వరకు నిలవలేదు. ఒక భాషకు ఒకరిద్దరు పండితులు చాలలేదు. ఆ భాష మాట్లాడే ఊళ్లు ఎక్కడో దూరాన ఉండేవి. వీధిలో మనిషికి ఆ మాటలు అర్థమవుతాయో లేదో చూసేవారు తక్కువ. తెలుగులోనూ అంతే. విశాఖపట్నంలో తెలుగువారి మధ్య బతికిన డెస్ గ్రాంజెస్, ఆయనకు సాయపడిన ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లోనే అచ్చయ్యాయి. తర్వాత అదే ఊళ్లో పనిచేసిన ప్రిచెట్ కొత్త నిబంధన మద్రాసులో వెలువడింది. శ్రీరాంపూర్ వారు పంచకాండాలు ముద్రించి, తెలుగు పనిని మద్రాసు వారికి వదిలిపెట్టారు.

మొదలుపెట్టడం ఎంత గొప్పో, దగ్గరగా ఉన్నవారికి అప్పగించి తప్పుకోవడం అంత గొప్ప. కేరీ 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లోనే కన్నుమూశాడు. 6 భాషల్లో పూర్తి బైబిలు, మరి దాదాపు 30 భాషల్లో కొత్త నిబంధనో కొన్ని భాగాలో అప్పటికి వెలువడ్డాయి. అందులో చాలా వాటిని తర్వాతివారు తిరగరాశారు. విత్తినవాడు ఒకడు, కోసేవాడు మరొకడు కావడం దేవుని పొలంలో కొత్త కాదు.

మరి మన సంగతేమిటి? మన సంఘంలో తెలుగు పాట పాడుతున్న కోయ, గోండు, సవర, లంబాడీ సహోదరుడు ఇంటికెళ్లి ఏ భాషలో ఏడుస్తాడో, ఏ భాషలో ప్రార్థిస్తాడో ఎప్పుడైనా అడిగామా? వారి భాషలో ఒక పాట, ఒక ఆదివార పాఠం సిద్ధం చేయాలంటే మనం రాసి వారికివ్వడం కాదు. వారిలో ఒకరిని ముందు కూర్చోబెట్టి, మనం పక్కన కూర్చోవాలి. కాగితం, కలం, భోజనం మనం సమకూర్చాలి. మాట మాత్రం వారిదే కావాలి. పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ దేవుడు ఎవరి భాషనూ పక్కన పెట్టలేదు. మనమూ పెట్టకూడదు. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక, ఆ సహోదరుని పక్కన ఒక్క గంట కూర్చుందాం.