ఐదు కీల ఎమీల్ బోదో

ఆర్డుయినో బోర్డుతో ఒక్కసారైనా ఆడిన వాళ్ళకి సీరియల్ మానిటర్‌లో 9600 బాడ్ అన్న మాట తెలిసే ఉంటుంది. రెండు వైపులా ఆ నంబర్ ఒకటే కాకపోతే స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు వస్తాయి. ఈ బాడ్ అన్నది ఎమీల్ బోదో అనే ఫ్రెంచ్ టెలిగ్రాఫ్ ఉద్యోగి ఇంటిపేరు నుంచి వచ్చింది. మన ఫైల్ పేర్లు ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి వెళ్ళేసరికి ఎందుకు పాడవుతాయో అర్థం కావాలంటే ఆయన కథ తెలుసుకోవాలి.

బోదో 1845 సెప్టెంబర్ 11న ఫ్రాన్స్‌లోని మాన్యో అనే ఊళ్ళో రైతు కుటుంబంలో పుట్టాడు. చదివింది ఊరి ప్రైమరీ స్కూల్లోనే. ఆ తర్వాత నాన్నతో పాటు పొలం పని. 1869లో టెలిగ్రాఫ్ శాఖలో అప్రెంటిస్ ఆపరేటర్‌గా చేరాడు. మోర్స్ నేర్చుకున్నాడు, అక్షరాలు ప్రింట్ చేసే హ్యూస్ మెషిన్ కూడా నేర్చుకున్నాడు. మోర్స్‌లో ఒక్కో అక్షరం ఒక్కో పొడవు. దాన్ని మెషిన్‌తో చదివించడం కష్టం. పైగా ఒక తీగ మీద ఒకసారి ఒక మెసేజే నడిచేది, ఆపరేటర్ ఆగితే తీగ కూడా ఖాళీ.

బోదో రెండిటికీ ఒకేసారి దారి వెతికాడు. ప్రతి అక్షరానికీ సరిగ్గా ఐదు యూనిట్లు. ప్రతి యూనిట్ రెండు రకాల్లో ఏదో ఒకటి, అంటే మన భాషలో ఐదు బిట్లు. అన్నీ ఒకే పొడవు కాబట్టి తిరిగే బ్రష్‌తో ఒకే తీగని చాలామంది ఆపరేటర్లకి వంతులవారీగా ఇవ్వొచ్చు. మనం కమ్యూనికేషన్స్ సబ్జెక్ట్‌లో టైమ్ డివిజన్ మల్టిప్లెక్సింగ్ అని చదివేది ఇదే. 1874లో పేటెంట్ తీసుకున్నాడు. 1877లో పారిస్, బోర్డో మధ్య లైన్ మొదలైంది. 1878 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది.

ఆపరేటర్ ముందు పియానో కీల లాంటివి ఐదు ఉండేవి. మూడు కుడిచేతికి, రెండు ఎడమచేతికి. కుడిచేతి మూడు కీలతో ఏడు కాంబినేషన్లు వస్తాయి కదా, ఆ ఏడూ ఆయన అచ్చులకే ఇచ్చాడు. ఇంగ్లీష్ ఐదు అచ్చులు, వై, ఇంకా నెత్తిన చిన్న గీత ఉండే ఫ్రెంచ్ 'ఇ'. ఎమీల్ అన్న పేరు ఫ్రెంచ్‌లో మొదలయ్యేది ఈ గీత 'ఇ'తోనే. మొత్తం ఉన్నవే 32 గదులు. అంత ఇరుకులో కూడా తన భాష అక్షరానికి సొంత గది ఇచ్చాడు.

డబ్బు విషయంలో మాత్రం ఆయనకి కలిసిరాలేదు. మెషిన్‌ని ఇంకా మెరుగుపరచమని శాఖ అడిగింది కానీ ఖర్చు ఇవ్వలేదు. సొంత డబ్బు పెట్టుకున్నాడు, బంగారు పతకం కూడా అమ్ముకున్నాడని చెబుతారు. ఆరోగ్యం ఎప్పుడూ అంతంత మాత్రమే. 1903 మార్చి 28న, 57 ఏళ్ళకే చనిపోయాడు.

ఆయన టేబుల్ సముద్రం దాటగానే అసలు గొడవ మొదలైంది. బ్రిటన్ వాళ్ళకి గీత 'ఇ' అక్కర్లేదు కాబట్టి ఆ గదిలో స్లాష్ పెట్టుకున్నారు. అంటే ఇక్కడ నొక్కిన అవే కీలు అక్కడ ఇంకో గుర్తుగా ప్రింట్ అవుతాయి. తర్వాత వచ్చిన రెండో అంతర్జాతీయ టెలిగ్రాఫ్ కోడ్‌లో ఆ అక్షరానికి సొంత గదే లేదు. 1963 నాటి ఆస్కీలోనూ లేదు. ఆ తర్వాత ఎవరికి తోచిన నంబర్ వాళ్ళు ఇచ్చారు. డాస్‌లో 130, పాత మ్యాక్‌లో 142, విండోస్‌లో 233. ఎమీల్ అని ఫైల్‌కి పేరు పెట్టి డిస్క్ మార్చితే మొదటి అక్షరమే పోయేది.

యూనికోడ్ వచ్చాక అందరికీ ఒకే టేబుల్ దొరికింది. కానీ ఒక చిక్కు మిగిలింది. గీత 'ఇ'ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, లేదా మామూలు 'ఇ' తర్వాత గీతని విడిగా కూడా రాయొచ్చు. విండోస్, లినక్స్‌లలో టైప్ చేస్తే మామూలుగా మొదటి రకం వస్తుంది. ఏళ్ళపాటు మ్యాక్‌లో ఉన్న హెచ్ఎఫ్ఎస్ ప్లస్ రెండో రకంగా సేవ్ చేసేది. కంటికి రెండూ ఒకటే. లినక్స్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు.

ఇది ఫ్రెంచ్ వాళ్ళ గోల అనుకోకండి. మన ఐత్వానికీ ఇదే కథ. యూనికోడ్‌లో ఐత్వం ఒకే కోడ్‌గా ఉంది. ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు అని రెండుగా కూడా విడిపోతుంది. 'వైజాగ్ ఫొటోలు' అనే ఫోల్డర్ పాత మ్యాక్ డిస్క్ నుంచి లినక్స్‌కి వస్తే, అదే పేరుతో పక్కపక్కన రెండు ఫోల్డర్లు కనిపించొచ్చు. ప్రోగ్రామ్‌లో వెతికితే ఒకటి దొరుకుతుంది, ఇంకోటి దొరకదు. కాపీ చేసేటప్పుడు ఆర్‌సింక్‌లో ఐకాన్వ్ ఆప్షన్ వాడండి. మీ కోడ్‌లో పేర్లు పోల్చే ముందు రెండిటినీ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చండి.

బోదో టేబుల్‌ని ఇప్పుడెవరూ వాడట్లేదు. కానీ పంపేవాడి దగ్గరా అందుకునేవాడి దగ్గరా ఒకే టేబుల్ ఉండాలన్న రూల్ మాత్రం మారలేదు. ఆ టేబుల్‌లో మన అక్షరం ఉందా, ఉంటే ఏ రూపంలో ఉంది అని చూసుకోవాల్సింది ఆ భాష వాడే మనమే.