గుండె ఇంధనాన్ని గుర్తించిన తెలుగువాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మనిషి గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. ప్రతి స్పందనకూ శక్తినిచ్చే పదార్థం అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఏటీపీ. దానిని కండరంలో తొలిసారి గుర్తించిన కొద్దిమందిలో ఒకరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు వ్యాధికి బలి కావడం ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి, మామగారి సాయంతోనూ విరాళాలతోనూ బోస్టన్ చేరుకున్నారు. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న కొలువు చేస్తూ హార్వర్డ్‌లో చదువు సాగించారు. అక్కడి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యపుస్తకాలకెక్కింది.

ఆ పద్ధతే పెద్ద ఆవిష్కరణకు దారి చూపింది. కండరం గ్లైకోజెన్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చి ఆ శక్తితో పనిచేస్తుందని అప్పటి శాస్త్రలోకం నమ్మేది. ఆ కృషికే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి లభించింది. సుబ్బారావు, ఫిస్కే 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని గుర్తించారు. కండరానికి తక్షణ ఇంధనం ఏటీపీయేననీ, అది తరిగినప్పుడు వెంటనే నింపే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్ అనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లారు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. సోదరులను కబళించిన స్ప్రూకు అది మందు. గోదావరి జిల్లాలను దీర్ఘకాలం పీడించిన బోదకాలుకు డైఇథైల్‌కార్బమజైన్ కూడా అక్కడినుంచే వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమైనోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగిందని సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు.

సుమారు రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్లు. స్వదేశానికి ఆయన తిరిగి రానేలేదు.

ఆయన చూపిన దారిలోనే గుండె పరిశోధన నేటికీ సాగుతోంది. ఫాస్ఫోక్రియాటిన్‌పై పనిచేసే క్రియాటిన్ కైనేజ్ ఎంజైమును రక్తంలో కొలిచి గుండెపోటును నిర్ధారించడం దశాబ్దాలపాటు వైద్యుల ఆనవాయితీ. బలహీనపడిన గుండెలో ఏటీపీతో పోలిస్తే ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతుందని అయస్కాంత పరీక్షలు చూపాయి.

ఏటీపీకి మరో పాత్ర కూడా ఉంది. కణం ఆర్‌ఎన్‌ఏను అల్లే నాలుగు ముడిపదార్థాలలో అదీ ఒకటి. ఆ ఆర్‌ఎన్‌ఏలలో ఒక రకం ఇప్పుడు హృద్రోగ పరిశోధకులను ఆకర్షిస్తోంది. మామూలు ఆర్‌ఎన్‌ఏ రెండు కొసలున్న దారం వంటిది. వలయాకార ఆర్‌ఎన్‌ఏ కొసలు కలిసిన గాజు వంటిది, అందుకే త్వరగా నశించదు. ఇవి కణాలలో ఉన్నట్టు 1979లోనే కనిపించినా చాలాకాలం పొరపాటున ఏర్పడినవిగా భావించారు. 2012 నుంచి కోట్లాది ఆర్‌ఎన్‌ఏ శకలాలను కంప్యూటర్లతో జల్లెడ పట్టగా, అవి వేల సంఖ్యలో బయటపడ్డాయి. అటువంటి వలయమొకటి ఎలుకలలో గుండె కండరం అతిగా పెరగకుండా కాపాడుతుందని 2016లో వెల్లడైంది.

1995లో సుబ్బారావు శతజయంతికి భారత తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది. ఆయన బతికున్నప్పుడు దక్కని గుర్తింపు, దాదాపు అర్ధశతాబ్దం తరువాత స్వదేశంలో ఆ రూపంలో వచ్చింది.