క్లారా షూమన్: స్వరకర్తల మాటకు తన చేతులిచ్చిన పియానో విద్వాంసురాలు

వేళ్ల వేగం గొప్పదా, స్వరపరచినవారి మనసెరిగి వాయించడం గొప్పదా? మన కచేరీలు విని ఇంటికి వస్తూ మనం ఎన్నోసార్లు వాదించుకున్న ప్రశ్నే ఇది. పియానో లోకంలో ఈ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు చెప్పిన జర్మన్ విద్వాంసురాలు క్లారా షూమన్‌ను ఈసారి తలచుకుందాం.

క్లారా 1819 సెప్టెంబరు 13న లైప్‌జిగ్ నగరంలో జన్మించారు. తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ పేరున్న పియానో గురువు. తల్లిదండ్రులు విడిపోవడంతో ఆమె తండ్రి దగ్గర, ఆయన కట్టుబాట్ల మధ్య పెరిగారు. 1828లో, 9 ఏళ్ల వయసులో, గెవాంట్‌హౌస్ సభా మందిరంలో తొలిసారి వాయించారు. 1838లో, 18 ఏళ్లకే, వియన్నాలో ఆస్థాన విద్వాంసురాలి బిరుదు పొందారు.

ఆ రోజుల్లో ఆపెరా పాటల వరసలు తీసుకుని, వాటిపై వేళ్ల విన్యాసం చూపేవారికే చప్పట్లు ఎక్కువ. చిన్నతనంలో క్లారా కూడా అలాంటివి వాయించారు. క్రమంగా వాటిని పక్కన పెట్టి బాఖ్, బీథోవెన్, షోపాన్ రచనలవైపు మళ్లారు. చేతకాక మానినది కాదు. మహా కష్టమని పేరుపడిన తన పగనిని ఎట్యూడ్లను ఫ్రాంజ్ లిస్ట్ ఆమెకే అంకితమిచ్చారు. స్వరలిపి ఎదుట పెట్టుకోకుండా వాయించడం అప్పటికి అలవాటు లేని పని. ఆమె అలా వాయిస్తే గర్వమన్నవారూ ఉన్నారు.

స్వరకర్త రాబర్ట్ షూమన్‌తో పెళ్లికి తండ్రి ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకుని 1840 సెప్టెంబరు 12న, 21 నిండడానికి ఒక్కరోజు ముందు, పెళ్లి చేసుకున్నారు. రాబర్ట్ కుడిచేతి వేలు అప్పటికే దెబ్బతిని, పియానో విద్వాంసుడు కావాలన్న ఆయన ఆశ తీరలేదు. అందుకే ఆయన రాసింది లోకానికి వినిపించే చేతులు క్లారావే అయ్యాయి.

1854 ఫిబ్రవరిలో మతి చలించిన రాబర్ట్ రైన్ నదిలో దూకారు. ప్రాణం దక్కింది కానీ, తర్వాత రెండేళ్లకు పైగా ఎండెనిక్ చికిత్సాలయంలోనే ఉండి, 1856 జులై 29న కన్నుమూశారు. అన్నాళ్లూ భర్తను చూడలేకపోయిన క్లారాకు ఆ దర్శనం చివరి రోజుల్లోనే దొరికింది. వారికి పుట్టిన ఎనిమిది మందిలో ఒకరు పసితనంలోనే పోగా, ఏడుగురి పోషణ ఆమె మీద పడింది. యువకుడైన బ్రామ్స్ ఇంటికి అండగా నిలిచారు. క్లారా ఊరూరా తిరిగి కచేరీలు చేశారు. ఇంగ్లండుకు ఎన్నోసార్లు వెళ్లారు. ఆమె దాచుకున్న కచేరీ పత్రాలే దాదాపు 1,300 ఉన్నాయి.

ఇందులో ఒక నష్టం కూడా ఉంది. క్లారా స్వయంగా స్వరకర్త. 16 ఏళ్లకే తన పియానో కాన్చెర్టోను వేదికపై వాయించారు. భర్త పోయాక మాత్రం సొంత రచన దాదాపు ఆగిపోయింది. బతుకు బరువు ఒక కారణమైతే, తన రచనాశక్తిపై ఆమెకే ఉన్న అనుమానం మరొకటి. ఇతరుల కృతులను అంత శ్రద్ధగా నిలిపిన చేతులు తన కృతులను వదిలేయడం మాకు బాధ కలిగించే సంగతి.

1878 నుంచి 1892 వరకు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోక్ కన్సర్వేటరీలో పాఠాలు చెప్పారు. భర్త సమగ్ర రచనల ప్రచురణకు సంపాదకత్వం వహించారు. 1891లో చివరి కచేరీ చేసి, 1896 మే 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో కన్నుమూశారు. యూరో రాకముందు జర్మనీ 100 మార్కుల నోటుపై ఉన్న బొమ్మ ఆమెదే.

ఆమె వాయించినది వినడానికి మనకు రికార్డు లేదు. కానీ ఆమె శిష్యురాలు ఫానీ డేవిస్ 1928లో రాబర్ట్ షూమన్ పియానో కాన్చెర్టోను రికార్డు చేశారు. అది వింటే ఆ గురువు బాణీ కొంతైనా చెవిన పడుతుంది. విద్య పుస్తకంలో ఉంటే చాలదు, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందాలి. తాతముత్తాతల ఊరు విడిచి తరాలైనా ఇంట్లో తెలుగు నిలుపుకుంటూ వస్తున్న మనకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రికార్డు ఒకసారి వినండి.