పత్రికలకు స్వేచ్ఛనిచ్చిన పాలకుడు మెట్‌కాఫ్

హైదరాబాదు, సెప్టెంబరు 15: వార్తాపత్రికలను ప్రభుత్వ లైసెన్సు నిర్బంధం నుండి విముక్తం చేసిన చట్టం 1835 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. ఆ చట్టం చేసిన తాత్కాలిక గవర్నరు జనరల్ సర్ చార్లెస్ మెట్‌కాఫ్ పేరిట ప్రజలు చందాలు వేసుకుని నిర్మించిన భవనమే కోల్‌కతాలోని మెట్‌కాఫ్ హాలు.

మెట్‌కాఫ్ 1785 జనవరి 30న కలకత్తాలో జన్మించారు. ఇంగ్లండులో విద్యాభ్యాసం చేసి, 1801లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరారు. 1809లో మహారాజా రంజిత్ సింగ్‌తో అమృత్‌సర్ ఒడంబడిక కుదిర్చారు.

1820 నుండి 1825 వరకు ఆయన హైదరాబాదు రెసిడెంటుగా పనిచేశారు. నిజాం ప్రభుత్వానికి పామర్ కంపెనీ అధిక వడ్డీలకు ఇచ్చిన అప్పులు ఖజానాను కుంగదీస్తున్న కాలమది. ఆ కంపెనీకి పలుకుబడిగలవారి అండ ఉన్నప్పటికీ మెట్‌కాఫ్ వెనుకాడక అక్రమాలను వెల్లడించారు. ఇందుకు గవర్నరు జనరల్ హేస్టింగ్స్ ఆగ్రహానికి గురయ్యారు. ఉత్తర సర్కారులపై తనకు ఏటా రావలసిన పేష్కషును శాశ్వతంగా వదులుకుని నిజాం 1823లో ఆ ఋణం తీర్చవలసివచ్చింది.

1835లో తాత్కాలిక గవర్నరు జనరల్‌గా బాధ్యతలు స్వీకరించిన మెట్‌కాఫ్, 1823 నాటి లైసెన్సు నిబంధనలను రద్దు చేశారు. ముద్రాపకుడు, ప్రచురణకర్త తమ వివరాలను ప్రకటిస్తే చాలునని నూతన చట్టం నిర్దేశించింది. ఈ చర్య లండనులోని కంపెనీ డైరెక్టర్లకు రుచించలేదు. ఆయన ఆశించిన మద్రాసు గవర్నరు పదవి దక్కలేదు. 1838లో ఆయన భారతదేశాన్ని వీడారు. అనంతరం జమైకా, కెనడాలను పాలించి, 1846 సెప్టెంబరు 5న కన్నుమూశారు.

పాలకులు నిరాకరించిన గౌరవాన్ని కలకత్తా పౌరులు సమర్పించారు. హుగ్లీ తీరాన స్ట్రాండ్ రోడ్డులో 1840లో శంకుస్థాపన జరిగి, 1844లో భవనం పూర్తయింది. నగర మేజిస్ట్రేటు సి.కె. రాబిసన్ దీనికి రూపకల్పన చేశారు. ఎత్తయిన వేదికపై నిలిచిన 30 స్తంభాలు ప్రాచీన గ్రీకు కట్టడాలను తలపిస్తాయి. పై అంతస్తులో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ, క్రింది అంతస్తులో వ్యవసాయ, ఉద్యానవన సంఘం కొలువుదీరాయి. 1903లో లార్డ్ కర్జన్ ఇక్కడే ఇంపీరియల్ లైబ్రరీని ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు. 1923లో అది వేరొక భవనానికి తరలింది. స్వాతంత్ర్యానంతరం జాతీయ గ్రంథాలయంగా రూపొంది బెల్వెడేర్ భవనానికి చేరింది.

అక్షరాన్ని నిర్బంధం నుండి విడిపించిన అధికారి పేరు గ్రంథాలయ భవనంపై నిలవడం సముచితం. పదవికన్నా విధిని మిన్నగా ఎంచిన ఆయన జీవితం పాత్రికేయులకు, ప్రభుత్వాధికారులకు సదా స్మరణీయం.