పర్యాయపదాల భాండాగారి: పీటర్ మార్క్ రోజే

పర్యాయపదమంటే అదే అర్థం గల మరొక మాట అని మన విద్యార్థులు వ్రాస్తుంటారు. పరీక్షకు అది చాలు, రచనకు చాలదు. ఇంగ్లీషు పర్యాయపద గ్రంథమైన థెసారస్‌ను కూర్చిన రోజే జీవితం ఈ సంగతిని చక్కగా తెలుపుతుంది.

ఆయన 1779 జనవరి 18న లండన్‌లో జన్మించాడు. తండ్రి జెనీవా నుండి వచ్చిన మతబోధకుడు. కుమారునికి నాలుగేళ్లు నిండగానే మరణించాడు. ఎడింబరోలో చదివి పందొమ్మిదేళ్లకే వైద్యపట్టా పొందిన రోజే, 1805 నాటికి మాంచెస్టర్‌లో వైద్యుడుగా ఉంటూ, మాటలను భావాలనుబట్టి వర్గీకరించి చిన్న పట్టిక వ్రాసుకొన్నాడు. అది అచ్చుకోసం కాదు, తన రచనావసరాలకోసం.

దుఃఖం ఆయనను వదలలేదు. మేనమామ, ప్రసిద్ధ న్యాయవేత్త సర్ శామ్యూల్ రోమిలీ, భార్య పోయిన కొద్ది రోజులకే 1818లో ఆత్మహత్య చేసుకొన్నాడు. అప్పుడు ఆయనకు వైద్యం చేస్తున్నవాడు రోజేయే. 1833లో భార్య మేరీ కన్నుమూసింది. అయినా ఆయన పని మానలేదు. 1827 నుండి 1848 వరకు రాయల్ సొసైటీ కార్యదర్శిగా ఉన్నాడు. ఆ పదవి విడిచాక, డెబ్బయ్యేళ్ల వయస్సులో, పాత పట్టికను మళ్లీ చేపట్టాడు. 1852లో థెసారస్ వెలువడింది.

అందులో మాటలు ఆరు తరగతులుగా, వేయి శీర్షికల క్రింద అమరాయి. ఒక భావానికి ఎదురుగా దాని వ్యతిరేక భావం ఉంటుంది. అర్థవివరణలు మాత్రం లేవు. సమీపార్థాల మధ్య తేడాలు విడమరచడం తన పని కాదని, మాటలను ప్రక్కప్రక్కన నిలిపితే తగినదానిని రచయితే ఎన్నుకొంటాడని ఆయన నమ్మకం. గ్రంథం బలం అదే. మా దృష్టిలో ప్రమాదమూ అదే. మాట బరువు ఎరుగనివాడు బరువైన మాటనే ఏరుకొంటాడు! మన భాషలనే చూడండి. ఇల్లు, గృహం ఒకటే అంటాము. కాని గృహప్రవేశం అంటామే గాని ఇల్లుప్రవేశం అనము. ఉర్దూలో మకాన్, ఘర్ అటువంటివే. అద్దెకు దొరికేది మకాన్. అమ్మ ఎదురుచూచేది ఘర్.

తనకు ముందు ఈ బాటలో నడచినవారిని తలచుతూ రోజే మొదట పేర్కొన్నది అమరకోశాన్ని. శ్రీరాంపూరులో 1808లో అచ్చయిన కోల్‌బ్రూక్ అనువాదం ఆయన దృష్టికి వచ్చింది. అయితే దాని వర్గీకరణ లోపభూయిష్ఠమని తేల్చివేశాడు. ఈ తీర్పు మాకు సమ్మతం కాదు. అమరసింహుడు కంఠస్థం చేసేవానికోసం శ్లోకాలలో కూర్చాడు. రోజే కలం పట్టి మాట దొరకక ఆగినవానికోసం కూర్చాడు.

1869 సెప్టెంబరు 12న, తొంబయ్యేళ్ల వయస్సులో, ఆయన వెస్ట్ మాల్వెర్న్‌లో మరణించాడు. చివరిదాకా సేకరించిన క్రొత్త మాటలను కుమారుడు జాన్ లూయీ 1879 నాటి ముద్రణలో చేర్చాడు.